వంటింటి తలుపు దగ్గరి పాట

ఆ పాటలో బొగ్గులు మోసే మనిషి ఒకడుంటాడు. పెద్దింటి వెనక్కి వెళ్ళి, వంటింటి తలుపు దగ్గర బస్తా దించి, లోపల పనిచేసే వంటమనిషిని చూసి పాడతాడు. నీ కళ్ళ కోసమే వచ్చాను గానీ నీ పొయ్యి మీద ఉడుకుతున్న దాని కోసం కాదంటాడు. అలా అంటూనే ఒక చరణంలో రొట్టె అడుగుతాడు, ఇంకో చరణంలో మాంసం ముక్క అడుగుతాడు. చివరికి ఇంటి యజమానురాలు వచ్చి తరిమేస్తుంది. ఇంగ్లండులో ఎప్పుడో పుట్టిన పాట. నవ్వించడానికి పుట్టింది.

దాని కథ రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పాట మీద ప్రేమతో కాదు. ఒక భార్యకు ఆ పాటను చివరిసారి పంపింది నేను. ఆమె భర్త గొంతుతోనే పంపాను, ఆయనకు తెలియకుండా. ఆయన అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు. ఆమె కూడా ఇదే ఊళ్ళో, అరగంట దూరంలో ఉంది. చెబితే వచ్చి చూసుకునేది. నేను చెప్పలేదు, పాట పంపాను.

నాది జగిత్యాల వైపు ఒక పల్లె. డిగ్రీ చదివి కువైట్ వచ్చి, సబ్హాన్‌లో నేల పలకలు నిలవచేసే గోదాములో స్టోర్ క్లర్కుగా చేరాను. అక్కడ మా పై అధికారి వయసు మళ్ళిన ఇంగ్లీషాయన. కంటైనర్ వచ్చినప్పుడు పెట్టెలు చూసుకుంటూ ఈ పాట కూనిరాగం తీసేవాడు. ఒకరోజు టీ తాగుతూ ఆ పాట ఏమిటని అడిగాను. ఆయన సంతోషించాడు. అంతకు ముందు ఎవరూ అడిగినట్టు లేదు.

పాట చరిత్రంతా ఆయన నోటినుంచి విన్నదే. వాళ్ళ ముత్తాతల కాలంలో నాటకశాలల్లో భుజాన ఉత్త బొగ్గు సంచి వేసుకుని ఒక హాస్యగాడు దీన్ని పాడేవాడట. జనం వంతపాట అందుకునేవారు. దానికి రెండు పద్ధతులు ఉండేవట. ఒకటి, పాడేవాడు తనకు ఇష్టమైన వంటకాన్ని పాటలో చేర్చుకోవచ్చు. అందుకే ఎన్ని ఊళ్ళుంటే అన్ని చరణాలు. రెండోది, పాట మగవాడితో ముగియకూడదు. చివర్లో చూస్తున్న ఆడవాళ్ళలో ఎవరో ఒకరు లేచి వాణ్ణి తిట్టాలి. అబద్ధాలకోరు అనో, తిండిపోతు అనో. ఆ తిట్టు పడితేనే పాట పూర్తయినట్టు. లేకపోతే హాస్యగాడు బస్తా దించకుండా అలాగే నిలబడేవాడట.

తర్వాత ఇళ్ళలో బొగ్గు పోయి గ్యాస్ వచ్చింది. వెనక తలుపులూ పోయాయి. పాట మాత్రం సైనికుల వెంట ఊళ్ళు తిరిగింది. చమురు పనికి వచ్చినవాళ్ళతో కువైట్ చేరింది. మా అధికారి తండ్రి చమురు కంపెనీ ఊరు అహ్మదీలో పనిచేసేవాడట, పండగ రోజుల్లో అక్కడి ఇంగ్లీషువాళ్ళంతా చేరి పాడుకునేవారట. "మా అమ్మే తిట్టేది" అని చెప్పాడు ఆయన. "మా నాన్న ఆ తిట్టు కోసమే పాడేవాడు."

మా గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి ఒకాయన ఉండేవాడు. రాయచోటి పక్క పల్లె. నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన భార్య సాల్మియాలో ఒక ఇంట్లో వంటపని చేసేది. ఇద్దరూ కువైట్‌లోనే ఉన్నా కలుసుకునేది శుక్రవారాలే, అదీ మామాకు మనసొచ్చిన శుక్రవారాలే. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. పనిచేసే ఆడవాళ్ళు ఆమెను అలాగే పిలుస్తారు. మిగతా రోజుల్లో ఆయనకు ఆ ఇంటి వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళడానికి కూడా లేదు.

నేను ఈ ఇంగ్లీషు పాట కథ చెప్పగానే ఆయన ఫోర్క్‌లిఫ్ట్ ఆపేశాడు.

"మళ్ళా చెప్పు తమ్ముడా. వాడు వంటింటి తలుపు కాడ నిలబడినాడా?"

"నిలబడ్డడు అన్నా."

"లోపల ఉండేది వంటమనిషా?"

"అవును."

"ఇది నా పాట గదరా!" అన్నాడు. "ఆ తెల్లోడికి నా సంగతి ఎవురు చెప్పినారు?"

వారం తిరక్కముందే తెలుగులో కట్టేశాడు. నేను బాణీ ఒకటే కూనిరాగంగా అందించాను. మాటలన్నీ ఆయనవే.

*నీ కండ్ల కోసమే వచ్చినా మే, మచ్బూసు కోసం కాదులే*
*చేతిలో కంచం ఉందని నువ్వు చెడ్డగ అనుకోవద్దులే*

మచ్బూస్ అంటే ఇక్కడివాళ్ళు మాంసంతో వండే అన్నం. ఆమె చేసే మచ్బూస్ ఆ వీధంతా వాసన వస్తుందని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. తిన్నది మాత్రం తక్కువ, శుక్రవారం ఆమె డబ్బాలో దాచి తెస్తే తిన్నదే.

నేనుండేది రిగ్గైలో, ఆయనతో పాటు కొంతమందిమి కలిసి ఒక గదిలో. మా గదిలో ఒక అలవాటుండేది. శుక్రవారం పగలు కొన్ని గంటలపాటు గదిని భార్యాభర్తలకు వదిలేసి మిగతావాళ్ళం కిందికి వెళ్ళి కిరాణా కొట్టు ముందు కూర్చునేవాళ్ళం. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, తిరిగొచ్చాక ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ పాట మొదటిసారి ఆమె ముందు పాడిన శుక్రవారం మాత్రం ఆయన మమ్మల్ని వెళ్ళనివ్వలేదు.

"కూసోండి, కూసోండి. సాక్షులు కావల్ల."

ఆయన పాడుతుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక డబ్బా మూత తీసి ఆయన ముందుకు తోసింది.

"తిను ముందు. కండ్ల కోసం వచ్చినాడంట, కండ్లు! డబ్బా మీద నుంచి చూపు తిప్పుకోకుండా పాడతాండాడు సూడండి మరిదీ! దొంగసచ్చినోడు!"

నేను చప్పట్లు కొట్టాను. ఇంగ్లీషు పాటకు ఉండవలసిన ముగింపు ఆమెకు ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది. నన్ను ఆమె ఎప్పుడూ మరిదీ అనే పిలిచేది. నేను వదినా అనేవాణ్ణి. ఇంటి దగ్గర నాకు అన్నలు లేరు, వదినలు లేరు.

ఆ తర్వాత అదొక పద్ధతి అయిపోయింది. గురువారం మధ్యాహ్నం, మామా భోజనం చేసి పడుకున్న వేళకు ఆయన ఫోనులో కొత్త చరణం పాడి వాయిస్ మెసేజ్ పంపేవాడు. ఆమె గిన్నెలు తోముతూ విని, తిట్టి పంపేది. ఆమెకు చదువు రాదు, ఆయనకూ అంతంతమాత్రమే. అంతా గొంతుతోనే. ఆయన ఫోనులో పంపడమూ వెతకడమూ చాలాసార్లు నా చేతే చేయించుకునేవాడు. ఫోను తెరిచే గీత నాకూ తెలుసు.

నాకు గుర్తున్న చరణం ఒకటి.

*ఫోర్కులిఫ్టు తెచ్చినా మే నిన్నెత్తుకోని పోదామని*
*నువ్వు బరువని కాదులే మే, దానికి పని లేదని*

దానికి ఆమె పంపిన జవాబు గోదాములో అందరం విన్నాం. "బరువెవురో శుక్రవారం తూకమేసి తేల్చుదాం రా. మామా ఇంట్లో ఉల్లిగడ్డలు తూకమేసే కాటా ఉండాది." ఇంగ్లీషాయనకు నేను అర్థం చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వాడు.

ఒక వారం ఆయన జలుబు చేసి పాడలేకపోతే ఆమె మూడుసార్లు ఫోను చేసింది. "పాట రాకపోతే నేను గోడ దూకి వచ్చేస్తా, కేసైతే కానీ" అంది. నవ్వుతూ అన్నదే. కానీ కేసు మాట ఉత్తది కాదు. పనిమనిషి చెప్పకుండా ఇల్లు దాటితే పారిపోయిందని యజమాని ఫిర్యాదు చేయవచ్చు. ఆ తర్వాత ఈ దేశంలో ఉండడానికిచ్చే ఇఖామా పోతుంది, పట్టుకుని ఇంటికి పంపేస్తారు. మా గదికి వచ్చే ఆడవాళ్ళలో ఒకామెకు అలా జరిగింది. తల్లి చావు కబురు ఫోనులో విని, ఏడుస్తూ రోడ్డు మీదికి వచ్చేసింది. తర్వాత ఆమెను మేమెవరం చూడలేదు.

అందుకని మా అందరిలో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు చెడు కబురు ఫోనులో చెప్పకూడదు. శుక్రవారం వచ్చేదాకా ఆగాలి. వాళ్ళ ఊరి ఆడవాళ్ళను నలుగురిని పిలిచి పక్కన కూర్చోబెట్టి, అప్పుడు చెప్పాలి. అది మంచికి పెట్టుకున్న కట్టుబాటే. దాన్ని నేను దేనికి వాడుకున్నానో ఇప్పుడు చెప్పాలి.

ఒక బుధవారం పొద్దున గోదాములో పై వరుసలో ఒక పెట్టె పక్కకు జరిగితే, ఆయన ఫోర్క్‌లిఫ్ట్ దిగి సరిచేయబోయాడు. వరుస మొత్తం కూలింది. పలకల పెట్టెలంటే ఒక్కొక్కటి ఇద్దరు మోసే బరువు. మేమంతా కలిసి తీసేసరికి ఆయనకు స్పృహ ఉంది. నడుము కింద ఏమీ తెలియడం లేదన్నాడు. అంబులెన్సులో నేను వెంట వెళ్ళాను. భాష వచ్చినవాణ్ణి నేనే.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా బాగానే మాట్లాడాడు. లోపల రక్తం కారుతోందని, మరునాడు ఆపరేషన్ చేస్తామని డాక్టరు నాతో చెప్పాడు. బంధువులెవరైనా ఉంటే పిలవమన్నాడు. ఆ మాట నాకు ఇంగ్లీషులో, విడమరిచి చెప్పాడు. నాకు అర్థం కాలేదని ఏ రోజూ అనుకోలేను.

మంచం దగ్గరికి వెళితే ఆయన మొదట అడిగింది ఆమె గురించే.

"దానికి చెప్పినావా తమ్ముడా?"

"చెప్పిన అన్నా" అన్నాను. చెప్పలేదు.

"ఏమనింది?"

"ఏడ్చింది. మామాను అడుగుతనన్నది."

ఆయన తల తిప్పి తలుపు వైపు చూస్తూ పడుకున్నాడు. బూట్ల చప్పుడు అయినప్పుడల్లా కళ్ళు తెరిచేవాడు. కాసేపటికి తనే అన్నాడు: "పంపదులే మామా. ఇంటికి సుట్టాలు వచ్చినారంట. ఇది లేకపోతే వాళ్ళకు జరగదు." ఇంకాసేపటికి, "ఈ వారం పాట కట్టలేదు. పాట పోకపోతే కోప్పడతాది" అన్నాడు.

భార్య ఎందుకు రాలేదో ఆయనే కారణం వెతికి పెట్టుకుంటుంటే నేను పక్కన కూర్చుని తల ఊపాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. కట్టుబాటు ఉంది, నిజమే. గదిలో వాళ్ళు కూడా శుక్రవారం దాకా ఆగమనే అన్నారు. కానీ వాళ్ళకు డాక్టరు మాట నేను పూర్తిగా చెప్పలేదు. "కాళ్ళకు దెబ్బ తగిలింది, ఆపరేషన్ ఉంది" అన్నాను. డాక్టరు మాట చెబితే, పోయి ఆమెను తీసుకురమ్మనేవారు. ఫోనులో చెప్పకూడదంటే ఇంటికి వెళ్ళి చెప్పాలి. ఆ ఇంటి తలుపు కొట్టి, మామా ముందు నిలబడి, అమ్మా, మీ వంటమనిషి భర్త చావుబతుకుల్లో ఉన్నాడు, ఒక గంట పంపండి అని అడగాలి. నేను భయపడ్డాను. ఎప్పుడూ ఆ ఇళ్ళ ముందు నిలబడి ఏదీ అడిగినవాణ్ణి కాదు. ఆమె నన్ను గుర్తింపుకార్డు అడుగుతుందని, నువ్వెవరు, నా పనిమనిషి నీకెలా తెలుసని నిలదీస్తుందని, నన్ను ఈ దేశానికి పనికి తెచ్చుకున్న కఫీల్‌కు ఫోను చేస్తుందని, ఏవేవో ఊహించుకున్నాను. వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళే మనిషి పాటను పదిమందికి విప్పి చెప్పినవాణ్ణి. ఆ తలుపు దాకా నడవలేకపోయాను. ఇదీ కారణం. మిగతావన్నీ తర్వాత పేర్చుకున్నవి.

గురువారం పొద్దున ఆయన్ని ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. మధ్యాహ్నం బయటికి తెచ్చి అద్దాల గదిలో పెట్టారు. స్పృహ లేదు. ఆయన ఫోను నా జేబులో ఉంది. మామా పడుకునే వేళయింది. ఇంకాసేపట్లో పాట వెళ్ళకపోతే ఆమె ఫోను చేస్తుంది. ఫోను ఎత్తితే నా గొంతు వింటుంది.

ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని ఆయన ఫోను తెరిచాను. పాత మెసేజులు వెనక్కి జరిపి, చేతికి తగిలిన ఒకదాన్ని మళ్ళీ ఆమెకు పంపాను. ఏ చరణమో వినలేదు. పంపిన తర్వాత చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఫోర్కులిఫ్టు తెచ్చినా మే, అని ఆయన హుషారుగా పాడుతున్నాడు. అద్దాల వెనక ఆయన నోట్లో గొట్టం ఉంది.

ఆమె జవాబు తొందరగానే వచ్చింది. వెనక కుళాయి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఏమయ్యో! ఇది పాతదే గదా. పాచికూడు ఏడి చేసి పెడ్తాండావా నాకు? ఒక్క కొత్త ముక్క తట్టలేదా? మోజు తీరిపొయ్యిందిలే నీకు. పో, రేపు నీకు డబ్బా లేదు, ఏమీ లేదు. ఎండు రొట్టె తిను."

విని నేను ఊపిరి పీల్చుకున్నాను. గండం గడిచిందనుకున్నాను. ఇంకా సిగ్గుపడవలసింది ఏమిటంటే, పెదవుల మీదికి కొంచెం నవ్వు కూడా వచ్చింది.

ఆ మెసేజ్ ఆయన చెవి దగ్గర పెట్టి వినిపించి ఉండవచ్చు. నర్సు మలయాళీ అమ్మాయి, అడిగితే కాదనేది కాదు. స్పృహ లేనివాళ్ళకు కూడా వినిపిస్తుందని అంటారు. నేను ఆ పని చేయలేదు. ఒకవేళ విని కళ్ళు తెరిస్తే, నేను ఆమెకు చెప్పలేదని తెలిసిపోతుందని. ఆ రాత్రంతా ఆమె గొంతు నా జేబులోనే ఉండిపోయింది. శుక్రవారం తెల్లవారుజామున ఆయన పోయాడు.

పది గంటలకు ఆమె ఎప్పటిలాగే రిగ్గై గదికి వచ్చింది. చేతిలో డబ్బా ఉంది. ఇవ్వనన్నది కానీ తెచ్చింది. గదిలో వాళ్ళ ఊరి ఆడవాళ్ళను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

చెప్పవలసింది నేనే. అందరూ నా వైపే చూస్తున్నారు. అప్పుడైనా నిజం చెప్పవచ్చు. కానీ బుధవారం ప్రమాదం జరిగిందంటే గురువారం పాట ఎవరు పంపారని అడుగుతుంది.

"ఇయ్యాల పొద్దుగాల వదినా" అన్నాను. "తొందర పని ఉందని పిలిచిన్రు. పెట్టెలు కూలినయి. బాధపడలే. వెంటనే పోయిండు."

గదిలో వాళ్ళు తలలు దించుకున్నారు. ఎవరూ నా మాట కాదనలేదు. ఆమెను ఓదార్చడానికే అలా అంటున్నానని అనుకుని ఉంటారు. పాట సంగతి వాళ్ళకు తెలియదు. శవాన్ని చూసినప్పుడు ఆమె కడుపు మీది కట్టు చూసి, "ఆపరేషన్ చేసినారా మరిదీ?" అని అడిగింది. "చేసి చూసిన్రు, లాభం లేకపోయింది" అన్నాను. కాగితాలన్నీ అరబ్బీలో ఉన్నాయి. వాటిని ఆమెకు చదివి చెప్పింది కూడా నేనే.

ఆమె శవంతో పాటు ఊరికి వెళ్ళింది, కొన్ని నెలలకు మళ్ళీ అదే ఇంటికి పనికి వచ్చింది. ఇంగ్లీషాయన ఆ తర్వాత గోదాములో ఎప్పుడూ పాడలేదు. ఉద్యోగం చాలించుకుని వెళ్ళేరోజు నా చేయి పట్టుకుని, "ఆ పాట నీకు చెప్పకుండా ఉండవలసింది" అన్నాడు. ఆయనకు నా పని తెలియదు. ఆ పాట వింటే పోయిన మనిషే గుర్తొస్తున్నాడని ఆయన బాధ. నేను మాత్రం ఆ మాటను నా బాధకు వాడుకున్నాను, తప్పు పాటదేమో అన్నట్టు.

శుక్రవారాలు ఆమె రిగ్గై వచ్చేది. తన ఊరివాళ్ళతో కాసేపు కూర్చుని వెళ్ళేది. నాకు డబ్బా తెచ్చేది. "తిను మరిదీ, మీ అన్నకు తెచ్చేదాన్ని" అనేది. నేను తిన్నాను. ఒక్క శుక్రవారం కాదు, ఏళ్ళ తరబడి తిన్నాను. ఏనాడూ గొంతుకు అడ్డం పడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఈలోగా పాట తన దారిన తాను పోయింది. మా గోదాములో పనిచేసి వేరే చోట చేరినవాళ్ళు తీసుకెళ్ళారు. ఎవరో చికెన్ చేర్చారు, ఎవరో ఖుబ్జ్ రొట్టె చేర్చారు. పోయిన చలికాలం ఒక శుక్రవారం నేను ఆమెను సాల్మియా బస్సు ఎక్కించడానికి నిలబడి ఉంటే, బస్టాపులో ఒక కుర్రవాడి ఫోనులో అదే బాణీ మోగింది. నీ కండ్ల కోసమే వచ్చినా మే. పాడుతున్నది ఎవరో తెలియని గొంతు. నిజామాబాదు యాస.

ఆమె వాడి దగ్గరికి వెళ్ళి, "నాయనా, అది ఆపు" అంది. వాడు బిత్తరపోయి ఆపేశాడు. ఆమె వచ్చి బెంచీ మీద కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది.

"ఒంట్లో బాగలేదా వదినా?"

"నిన్న వంటింట్లో కండ్లు తిరిగి పడిపొయ్‌నా. మామా డాక్టరు కాడికి తీసకపాయె. తిండి సరిగ్గా తినడం లేదని తిట్టినాడు ఆయన."

"ఎందుకు తింటలేవు?"

"గురువారం తినను గదా" అంది, నాకు తెలిసిన సంగతే అయినట్టు. నాకు తెలియదు. "గురువారాలు నీళ్ళు తప్ప ముట్టను. ఆయన పోయినప్పటి నుంచీ అంతే."

"ఏమన్న మొక్కా?"

"మొక్కు కాదు మరిదీ, శిక్ష." తన అరచేతులు చూసుకుంటూ అంది. "చివరిగా నేను ఆయన్ని ఏమన్నానో తెలుసునా? నీకు డబ్బా లేదు, ఎండు రొట్టె తినమన్నా. మోజు తీరిపొయ్యింది నీకు అన్నా. ఆ మాట చెవిలో పెట్టుకోని పోయినాడు మనిషి. కొత్త పాట కట్టలేదని తిట్టినా. ఏం కష్టంలో ఉండి కట్టలేదో. అలిసిపొయ్‌నాడేమో. ఒంట్లో బాగలేదేమో. అడిగినానా? లేదు."

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. వారమంతా మంటల ముందు నిలబడి వండే మనిషి, గురువారాలు ఆ వాసనల మధ్య ఖాళీ కడుపుతో నిలబడుతోంది, ఆ ఒక్క తిట్టు కోసం. ఆ తిట్టు ఆయనకు చేరలేదు. నాకు చేరింది.

ఆ వారమంతా లెక్కలు వేశాను. నిజం చెబితే ఆ శిక్ష తప్పుతుంది. కానీ ప్రమాదం తర్వాత ఆయన రెండు రోజులు బతికి ఉన్నాడని, తలుపు వైపు చూస్తూ ఎదురుచూశాడని తెలుస్తుంది. ఏది ఎక్కువ బాధ? అలా ఆలోచించడం కూడా మళ్ళీ పాత పనే అని కొన్ని రోజులకు తోచింది. ఆమెకు ఏది తెలియాలో ఆమెకు బదులు నేను తేల్చడం.

గురువారం గోదాములో సెలవు అడిగి మధ్యాహ్నం సాల్మియా వెళ్ళాను. సముద్రం వైపు వీధిలో ఆ ఇల్లు. పక్క సందులో వంటింటి తలుపు ఉంటుందని ఆయన పాటల వల్ల తెలుసు. అన్ని సంవత్సరాల్లో దాని ముందు నిలబడడం అదే మొదటిసారి. వేలితో కొట్టాను. ఆమె తీసింది. చేతులకు సబ్బు నురగ ఉంది.

"అయ్యో, మరిదీ! నువ్వేంది ఈడ? ఊర్లో ఎవురికేమైంది?"

"ఎవరికేం కాలే." గుమ్మం అవతలే నిలబడి చెప్పేశాను. బుధవారం అని చెప్పాను. ఆసుపత్రి చెప్పాను. పాట నేను పంపానని చెప్పాను. ఆమె చేతుల మీది నురగ కరిగి గుమ్మం మీద పడుతోంది.

చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"అంటే నా తిట్టు ఆయన వినలేదా?"

"వినలే వదినా. నేనే విన్న."

"ఏ మాటా వినలేదా, నాది?"

"ఏ మాటా వినలే."

ఆ రెండు ప్రశ్నలకూ నా జవాబు ఒకటే. కానీ రెండోదానికి ఆమె తలుపు చెక్కను పట్టుకుంది.

"మాట్లాడగలిగినాడా?"

"బుధవారం మాట్లాడిండు."

"నన్ను అడిగినాడా?"

"అడిగిండు. నీకు చెప్పిన అని అబద్ధమాడిన. మామా పంపుతలేదనుకున్నడు."

"నేను రాలేదనుకోనే పోయినాడు."

 ఏదో ఒకటి ఇవ్వాలని తోచి, ఆ ఇంగ్లీషు పాటలో చివర తిట్టేది ఆడమనిషేనని, ఆ తిట్టు కోసమే వాళ్ళు పాడేవాళ్ళని, అది ప్రేమేనని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"పాట గురించి నాకు చెప్పాకు."

లోపలి గదిలోంచి అలికిడి అయింది. మామా నిద్ర లేచింది. అరబ్బీలో ఎవరది అని అడుగుతోంది. ఏళ్ళ కిందట నేను భయపడిన గొంతు అదే. ముసలి గొంతు, నిద్రమత్తులో ఉన్న మామూలు గొంతు.

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. లోపలికి తిరిగి జవాబు చెప్పింది. తన భర్త పనిచేసిన కంపెనీ మనిషి, కాగితాల పని మీద వచ్చాడు, వెళ్ళిపోతున్నాడు అని. తర్వాత నా వైపు తిరిగింది.

"పొండి సార్" అంది.

తలుపు వేసుకుంది. గట్టిగా కాదు, పని ఉన్న మనిషి వేసుకున్నట్టు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, గిన్నెల చప్పుడు వినిపించింది. సందు నిండా ఏదో వేగుతున్న వాసన.

తర్వాతి శుక్రవారం ఆమె రిగ్గై రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. గదిలో వాళ్ళు నన్ను అడుగుతున్నారు, వదిన ఎందుకు రావడం లేదని. వాళ్ళకు కూడా జరిగింది చెప్పాను. కొందరు నాతో మాట్లాడడం మానేశారు. ఒకాయన మాత్రం, "ఇన్నేండ్లు దాచినోడివి, ఇంకొన్నేండ్లు దాస్తే ఏం పోయె?" అన్నాడు.

గురువారాలు మధ్యాహ్నం మామా పడుకునే వేళకు నేను టీ తాగడం ఆపి గడియారం వైపు చూస్తాను. ఆమె ఈ పూట అన్నం తింటోందో లేదో నాకు తెలియదు. ఆ తలుపు ఎక్కడుందో తెలుసు. మళ్ళీ వెళ్ళి అడగడం మాత్రం నా పని కాదు.